పొద్దుతిరుగుడులో గడ్డి మందు: సెంటుకు రెండు లీటర్ల లెక్క

పొద్దుతిరుగుడు చేలో కలుపు తీసేది ఆడవాళ్లమే. మొలవక ముందు కొట్టిన గడ్డి మందు పనిచేసిందో లేదో మొదట తెలిసేదీ మాకే. మాది నంద్యాల జిల్లా, కోవెలకుంట్ల పక్క నల్లరేగడి. నీళ్లందే చేలో సంక్రాంతి దాటాక, నీళ్లు లేని చేలో అక్టోబర్, నవంబర్ నెలల్లో పదును (నేలలో సరిపడా తేమ) చూసుకొని పొద్దుతిరుగుడు వేస్తాం. మందు కొలిచి కలిపే పని నాది, పంపు మోసి కొట్టే పని మా ఆయనది. ఊళ్లో చాలామంది నన్ను అడిగేది ఒకటే: "వదినా, మీరు ఏం మందు కొట్టినారు?" మందు అందరిదీ ఒకటే, పెండిమిథాలిన్. తేడా వచ్చేది కొట్టిన నాడు నేలలో ఉన్న పదును దగ్గర, ఎకరాకు పోసిన నీళ్ల దగ్గర. ఈ రెండూ కుదిరితే మోతాదు పెంచాల్సిన పనే లేదు. కుదరకపోతే ఎంత పెంచినా ఫలితం లేదు. అందుకే మందు పేరు కన్నా వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

పొద్దుతిరుగుడు మొదటి నెల నిదానంగా పెరుగుతుంది. రేగడిలో సాలుకూ సాలుకూ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు వదులుతాం. ఎర్ర నేలల్లో సాళ్ల మధ్య 45 పెడతారు. ఇంత ఎడం ఉన్న చోట మొక్క నాలుగైదు ఆకులు వేసేలోపు ఊద, తోటకూర, గలిజేరు నేలంతా పరుచుకుంటాయి. పెట్టిన ఎరువు ముందు వాటికే అందుతుంది. నలభై, నలభై ఐదు రోజులు దాటాక పైరు ఆకులు కమ్ముకొని నీడ పడుతుంది, కొత్తగా మొలిచే గడ్డి దానంతట అదే బలహీనపడుతుంది. అంటే మనం కాపాడాల్సింది మొదటి ఆరు వారాలు. అందులో మొదటి మూడు వారాలు మందు చూసుకుంటుంది, మిగతా మూడు వారాలు సాళ్ల మధ్య తోలే గుంటక, దంతె చూసుకోవాలి. మందు కొట్టాం కదా అని గుంటక మానేసినవాళ్ల చేలోనే నెల దాటాక గడ్డి ఎక్కువ కనిపిస్తుంది.

మొలిచాక కొట్టే మందుతో సరిపెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. వరిలో, మొక్కజొన్నలో ఆ వీలుంది. పొద్దుతిరుగుడు వెడల్పాకు మొక్క. చామంతి కుటుంబానిది, వయ్యారిభామ కూడా అదే కుటుంబం. వెడల్పాకు కలుపును చంపే మందు కొడితే పైరు కూడా పోతుంది. మొలిచాక మనం కొట్టగలిగేది సన్నాకు గడ్డిని చంపే మందులు మాత్రమే. అమెరికా, టర్కీ వంటి దేశాల్లో గడ్డి మందు అయిన ఇమాజమాక్స్‌కు తట్టుకునే పొద్దుతిరుగుడు రకాలు 2003 నుంచి ఉన్నాయి. అక్కడ మొలిచాక కూడా ఆ మందు కొడతారు. వాటి వీడియోలు చూసి, మనం వేసే హైబ్రిడ్ల మీద ఆ మందు కొట్టొద్దు. చేను చేనంతా పోతుంది. కాబట్టి తోటకూర, గలిజేరు లాంటి వెడల్పాకు కలుపుకు మనకున్న మంచి దారి విత్తిన వెంటనే నేల మీద కొట్టే మందే.

ఏ మందు, ఎంత

పెండిమిథాలిన్. 30 శాతం ఇ.సి. (నీళ్లలో పాలలా కలిసే రకం) అయితే ఎకరాకు లీటరు నుంచి లీటరూ మూడు వందల మిల్లీలీటర్లు. 38.7 శాతం సి.ఎస్. (సన్నటి గుళికల్లో మందు ఉండే రకం) అయితే 700 మిల్లీలీటర్లు. రెండింటికీ ఎకరాకు 200 లీటర్ల నీళ్లు. విత్తిన 24 నుంచి 48 గంటల్లోపు కొట్టాలి. స్టాంప్, దోస్త్ అని రకరకాల పేర్లతో దొరుకుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల పేరు చూసి మోసపోకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న శాతం చదవండి. 30 శాతం మోతాదును 38.7 డబ్బాకు వేస్తే మందు దాదాపు ఒకటిన్నర రెట్ల నుంచి రెట్టింపు దాకా పడుతుంది.

దుబ్బ నేల, ఎర్ర నేల అయితే లీటరు దగ్గరే ఆగాలి. బరువైన రేగడి అయితే 1.2, 1.3 దాకా పోవచ్చు. ఎందుకంటే రేగడిలోని బంకమట్టి ఈ మందును గట్టిగా పట్టుకుంటుంది, గడ్డి విత్తనానికి అందేది తగ్గుతుంది. ఎర్ర దుబ్బలో పట్టుకునే బంక తక్కువ, అందుకే తక్కువ మందే చాలు.

పాత సిఫారసు కాగితాల్లో అలాక్లోర్ అనే గడ్డి మందు ఉంటుంది. దాన్ని మన దేశంలో 2020 డిసెంబర్ 31తో పూర్తిగా నిషేధించారు. ట్రైఫ్లురాలిన్‌నూ 2018లో నిషేధించారు. ఎవరైనా పాత సరుకు చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దు.

పెండిమిథాలిన్ ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ సులభంగా అర్థమవుతాయి. ఇది మొలకెత్తుతున్న గింజ వేరు కొనలో కణాలు విభజన చెందకుండా ఆపుతుంది. వేరు సాగదు, పొట్టిగా, మందంగా ఉబ్బి ఆగిపోతుంది. మందు కొట్టిన చేలో సన్నటి మొలక కనిపిస్తే పీకి వేరు చూడండి, మొద్దుగా ఉంటే మందు పనిచేస్తున్నట్టే. అది నాలుగు రోజుల్లో పోతుంది. ఇప్పటికే మొలిచి రెండాకులు వేసిన గడ్డిని మాత్రం ఇది ఏమీ చేయలేదు. నీళ్లలో ఇది దాదాపు కరగదు, మట్టిని పట్టుకొని పైన రెండు సెంటీమీటర్ల పొరలోనే ఉండిపోతుంది. గడ్డి విత్తనాలు చిన్నవి, ఆ పై పొరలోనే మొలుస్తాయి, అక్కడే చస్తాయి. పొద్దుతిరుగుడు గింజ పెద్దది, దాన్ని రెండు వేళ్ల లోతున, అంటే నాలుగైదు సెంటీమీటర్ల కింద వేస్తాం. దాని వేరు మందు పొర కింద నుంచే దిగిపోతుంది, మొలక పొరను దాటుకొని పైకొస్తుంది. పైరు బతకడానికి కారణం మందుకూ గింజకూ మధ్య ఉన్న ఆ రెండు సెంటీమీటర్ల మట్టే. గింజ పైపైన పడితే, లేదా మట్టి కప్పకుండా వదిలేస్తే గడ్డితో పాటు పైరు మొలక కూడా దెబ్బతింటుంది.

ఊద, గణుక గడ్డి, తోటకూర, గలిజేరు, పాయలకూర దీనికి బాగా లొంగుతాయి. వయ్యారిభామ సగం పోతుంది, సగం వస్తుంది. వెన్నవెదురు లొంగదు. తుంగ, గరిక అసలు లొంగవు, ఎందుకంటే అవి వచ్చేది గింజ నుంచి కాదు, భూమిలోని గడ్డల నుంచి, తీగ కణుపుల నుంచి. తుంగ విపరీతంగా ఉన్న చేను అయితే పొద్దుతిరుగుడు వేయకముందే ఎండాకాలం లోతు దుక్కి చేసి గడ్డలను ఎండబెట్టడం తప్ప వేరే సులువైన దారి నాకు కనిపించలేదు.

విత్తక ముందు: పోయిన పైరుకు ఏం కొట్టారో గుర్తు చేసుకోండి

దీని గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నష్టం జరిగాక చేసేదేమీ ఉండదు. జొన్నలో, మొక్కజొన్నలో గడ్డికి అట్రజిన్ కొడతాం. నేలను బట్టి ఎకరాకు 800 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా పోస్తారు. జొన్నకు, మొక్కజొన్నకు అది ఏమీ చేయదు, పొద్దుతిరుగుడుకు మాత్రం విషం. వానలు బాగా పడి, నేల తడిగా ఉన్న ఏడాది సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. బెట్ట ఏడాది, అందులోనూ మా రేగడిలా క్షార గుణం ఉన్న నేలలో, అట్రజిన్ ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది. సోయా, వేరుశనగల్లో కొట్టే ఇమాజెథాపైర్ మిగిలినా పొద్దుతిరుగుడుకు ఇబ్బందే.

అట్రజిన్ మిగిలి ఉంటే పొద్దుతిరుగుడు చక్కగా మొలుస్తుంది. అదే మోసం. మొలక బాగుందని మనం సంతోషపడతాం. గింజలో దాచుకున్న బలం అయిపోయి, ఆకులు సొంతంగా ఆహారం తయారు చేసుకోవాల్సి వచ్చినప్పుడు కింది ఆకుల అంచులు పసుపెక్కి, ఎండి, మొక్క కూలిపోతుంది. చాలామంది దీన్ని తెగులు అనుకొని తెగులు మందు కొడతారు.

అనుమానం ఉన్న చేనికి విత్తనం కొనక ముందే చిన్న పరీక్ష చేసుకోవచ్చు. చేలో నాలుగైదు చోట్ల జానెడు లోతు నుంచి మట్టి తీసి కలపండి. ఎప్పుడూ గడ్డి మందు పడని చోటు నుంచి, పెరట్లో నుంచి గానీ చెట్టు కింద నుంచి గానీ, అలాంటి మట్టే ఇంకొంత తీసుకోండి. ప్లాస్టిక్ గ్లాసులకు అడుగున చిల్లులు పెట్టి, రెండు రకాల మట్టీ విడివిడిగా నింపి, ఒక్కో దాంట్లో ఐదారు పొద్దుతిరుగుడు గింజలు వేసి ఎండ తగిలే చోట పెట్టండి. నీడలో పెడితే పరీక్ష తప్పుతుంది, ఎందుకంటే అట్రజిన్ పని చూపించేది ఎండలోనే. రెండు మూడు వారాల్లో రెండు వరుసలూ ఒకేలా పెరిగితే ధైర్యంగా విత్తుకోండి. చేను మట్టిలో మొక్కలు మాత్రమే పసుపెక్కితే ఆ చేనికి ఈసారి జొన్నో, మొక్కజొన్నో వేసి పొద్దుతిరుగుడును వేరే చేనికి మార్చండి.

దుక్కి, విత్తనం

పెళ్లలు ఉన్న నేల మీద ఈ మందు సరిగా పనిచేయదు. పెళ్ల పైన మందు పడుతుంది, కింది వైపు పడదు. వారం తర్వాత నీళ్లు కట్టినప్పుడు పెళ్ల కరిగి, మందు తగలని మట్టి పైకి తేలుతుంది, అందులో గింజలు మొలుస్తాయి. "మందు కొట్టినా గడ్డి వచ్చింది" అనే మాటల్లో చాలా వరకు ఈ పెళ్లల గురించే. మా రేగడి తడి మీద దున్నితే పెళ్ల లేస్తుంది, కాబట్టి సరైన పదును కోసం ఆగి, రెండు సార్లు గుంటక తోలి మట్టిని మెత్తగా చేస్తాం.

నీళ్ల వసతి ఉంటే ఇంకో మంచి పని చేయొచ్చు. దుక్కి అయ్యాక ఒక తడి ఇచ్చి వారం, పది రోజులు వదిలేస్తే పై పొరలోని గడ్డి గింజలు చాలా వరకు మొలుస్తాయి. వాటిని పైపైన గుంటక తోలి చంపేసి, అప్పుడు విత్తాలి. లోతు దున్నకూడదు, దున్నితే కింది గింజలు పైకొస్తాయి. వరి కోసిన మడిలో వేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రాలిన వడ్లు మొలిచి పొద్దుతిరుగుడుకు పెద్ద కలుపై కూర్చుంటాయి. ఈ ఒక్క తడితో సగం పీడ వదులుతుంది.

విత్తే రోజు నాటికి చేలో ఒక్క పచ్చటి మొలక ఉండకూడదు. ఉంటే మందు దాన్ని వదిలేస్తుంది, అది ఎదిగి పెద్దదవుతుంది.

కొట్టే రోజు

పదును అన్నానే, దాని కొలత ఇది: పైన రెండు వేళ్ల మట్టిని పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి బురద అంటకూడదు. పొడి మట్టి మీద కొట్టిన పెండిమిథాలిన్ కొంత ఎండకు చెడిపోతుంది, కొంత గాల్లో కలిసిపోతుంది. మిగిలింది కూడా గింజ దగ్గరకు చేరదు. బోదెల మీద వేసేవాళ్లు విత్తి, తడి కట్టి, కాలు పెట్టగలిగే పదును వచ్చిన వెంటనే, 48 గంటలు దాటకుండా కొట్టాలి. స్ప్రింక్లర్లు ఉంటే మందు కొట్టాక తేలికగా ఒకసారి తిప్పితే మందు మట్టిలోకి కొద్దిగా దిగి స్థిరపడుతుంది. ఎండ తగ్గిన సాయంత్రం మంచి సమయం.

నీళ్లు లేని చేలో, కింద మాత్రమే తేమ ఉండి పైమట్టి గొర్రు వెనకే ఎండిపోయే చోట, నా సలహా సూటిగా చెబుతాను: విత్తిన సాయంత్రమే పై తడి ఆరక ముందు కొట్టగలిగితే కొట్టండి, లేకపోతే మందు కొనొద్దు. ఆ డబ్బు ఒక గుంటక ఎక్కువ తోలడానికి పెట్టండి. పైన పొడిగా ఉన్న నేలలో గడ్డి కూడా తక్కువే మొలుస్తుంది కాబట్టి గుంటకతోనే నెట్టుకు రావచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. ఎకరాకు 200 లీటర్లు అంటే సెంటుకు రెండు లీటర్లు. తెలంగాణలో గుంటల్లో లెక్కేసేవాళ్లకు గుంటకు ఐదు లీటర్లు. ఇంత సులువైన లెక్కను ఎవరూ ముందుగా సరిచూసుకోరు. దుకాణంలో అబ్బాయి "ట్యాంకుకు వంద ఎం.ఎల్. పోసుకో అక్కా" అంటాడు. మంచి మనసుతోనే చెబుతాడు, కానీ ఎకరాకు ఎన్ని ట్యాంకులు పడతాయో అతనికి తెలియదు. 16 లీటర్ల ట్యాంకుతో పన్నెండున్నర ట్యాంకులు కొడితే 1,250 మిల్లీలీటర్లు పడుతుంది, సరిపోయింది. వేగంగా నడిచేవాడు ఎనిమిది ట్యాంకులతో ఎకరా ముగిస్తే 800 మాత్రమే పడింది, గడ్డి వస్తుంది. నిదానంగా పద్దెనిమిది ట్యాంకులు కొడితే 1,800 పడింది, పైరు వేరుకు దెబ్బ. ముగ్గురూ ఒకే మందు, ఒకే మాట మీద కొట్టారు.

కాబట్టి మందు కలపక ముందు ఒట్టి నీళ్లతో చూసుకోండి. 42 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పు గీత గీస్తే నాలుగు సెంట్లు. (గుంట కావాలంటే 33 అడుగులకు 33 అడుగులు.) ట్యాంకులో కొలిచి పది లీటర్లు పోసి, రేపు ఎవరు మందు కొడతారో వాళ్లే, మామూలుగా నడిచే వేగంతో ఆ గీత లోపల కొట్టాలి. మిగిలిన నీళ్లు కొలవండి. రెండు లీటర్లు మిగిలితే ఎనిమిది పడినట్టు, అంటే ఎకరాకు 200, లెక్క సరిగ్గా ఉంది. నాలుగు లీటర్లు మిగిలితే ఎకరాకు 150 మాత్రమే పడుతోంది. అప్పుడు నడక తగ్గించుకోవచ్చు. లేదా నడక అట్లాగే ఉంచి ట్యాంకు మందు పెంచుకోవచ్చు: 150 లీటర్లలో 1,200 మిల్లీలీటర్లు పోవాలంటే 16 లీటర్ల ట్యాంకుకు 128 మిల్లీలీటర్లు. ఎకరా మోతాదు ఎప్పుడూ మారదు, ట్యాంకు మోతాదు మనిషి నడకను బట్టి మారుతుంది. మందు కొట్టే మనిషి మారితే మళ్లీ చూసుకోవాలి.

నాజిల్ సంగతి. పురుగు మందుకు వాడే గుండ్రంగా పొగలా చిమ్మే నాజిల్ దీనికి పనికిరాదు. ఫ్లాట్ ఫ్యాన్ గానీ, ఫ్లడ్ జెట్ గానీ బిగించాలి. ఇవి చినుకును కాస్త పెద్దదిగా, విసనకర్రలా పరిచి వేస్తాయి, గాలికి కొట్టుకుపోదు. తైవాన్ పంపుతో గడ్డి మందు కొట్టడం నేను ఒప్పుకోను. అది ఆకుల మీద పడాల్సిన మందును మంచులా విసురుతుంది, ఇది నేల మీద సమానంగా పడాల్సిన మందు. నాజిల్ ఎత్తు నేలకు మోకాలి దగ్గర, ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండాలి. చేతిని అటూ ఇటూ ఊపుతూ కొడితే ఒక చోట రెండింతలు, ఒక చోట సున్నా. కొట్టిన మట్టి మీద కాలు పెట్టకుండా వెనక్కి నడుస్తూ రావడం మంచిది. అడుగు పడిన చోట పొర చెదిరి, అక్కడే వరుసగా గడ్డి మొలుస్తుంది.

కలిపేటప్పుడు ట్యాంకులో సగం దాకా నీళ్లు పోసి, మందు పోసి, బాగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోయాలి. కాలువ బురద నీళ్లు వద్దు, ఆ బురదే మందును పట్టేసుకుంటుంది. బోరు నీళ్లు, వడకట్టిన నీళ్లు వాడండి. కొడుతున్నంత సేపూ మధ్యమధ్యలో ట్యాంకును కదపాలి. చేతికి రబ్బరు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఈ మందు పసుపు రంగు వేలికి పట్టిందంటే సబ్బుకు ఒక పట్టాన పోదు, అంటే చర్మానికి అంత గట్టిగా అంటుకుంటుందన్న మాట. గర్భిణులను, పిల్లలను ఆ రోజు చేనికి తీసుకురావద్దు. చేపలకు ఇది చాలా విషం. పంపు కడిగిన నీళ్లు చెరువులోకో, కాలువలోకో వదలకండి, ఆ చేలోనే ఒక మూల పోయండి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు ట్యాంకులో పోసి, డబ్బాకు చిల్లులు పెట్టేయండి. నూనెకో, మజ్జిగకో దాన్ని వాడుకునేవాళ్లను చూస్తుంటే నాకు భయమేస్తుంది.

పంపు గురించి ఇంకొకటి. జొన్నలో, గట్ల మీద 2,4-డి (వెడల్పాకు కలుపును చంపే మందు) కొట్టిన పంపును పొద్దుతిరుగుడు చేలోకి తేవద్దు. 2,4-డి ఆనవాలు తగిలినా పొద్దుతిరుగుడు ఆకులు మెలిపడి, కాండం వంకర తిరుగుతుంది. కడిగాంలే అనుకుంటే సరిపోదు, రబ్బరు గొట్టంలో మిగిలిపోతుంది. వీలైతే 2,4-డికి వేరే పంపు పెట్టుకోండి. పక్క చేను వాళ్లకు కూడా ముందే చెప్పుకోవాలి: "అన్నా, మాది పొద్దుతిరుగుడు, మీ జొన్నకు మందు కొట్టేటప్పుడు గాలి మా వైపు లేకుండా చూడు." ముందు చెప్పిన మాటకు ఎవరూ కాదనరు, చేను మాడాక మాత్రం తగువే మిగులుతుంది.

ఎద్దులు, గుంటక ఉన్నవాళ్లకు మందు తగ్గించుకునే దారి

చేనంతా కొట్టకుండా విత్తిన సాలు మీద మాత్రమే ఒక జానెడు పట్టెలా కొట్టొచ్చు. 60 సెంటీమీటర్ల సాళ్లలో 25 సెంటీమీటర్ల పట్టె కొడితే ఎకరాకు 1.2 లీటర్లు పట్టే చోట అర లీటరుతో సరిపోతుంది. నీళ్లూ ఆ లెక్కనే తగ్గుతాయి. సాళ్ల మధ్య గడ్డిని గుంటక ఎట్లాగూ చంపుతుంది. గుంటక అందని చోటు, మొక్క మొదలు పక్కన, చేత్తో తీయడానికి అన్నిటికన్నా కష్టమైన చోటు ఆ జానెడే. మందు అక్కడ పడితే చాలు. నాకు ఈ పద్ధతి మీద మక్కువ ఎక్కువ, ఎందుకంటే ఖర్చు తగ్గుతుంది, నేలలో పడే మందు తగ్గుతుంది, ఆడవాళ్ల నడుమూ నిలబడుతుంది. గొర్రు సాళ్లు నిటారుగా ఉండాలి, అంతే.

కొట్టిన తర్వాత

రెండు సాళ్ల మేర ఒక మూల మందు కొట్టకుండా వదలండి. పదిహేనో రోజున అక్కడా, ఇక్కడా చూస్తే మందు ఎంత పనిచేసిందో కళ్లారా తెలుస్తుంది. అది లేకపోతే ఈ ఏడు గడ్డి తక్కువైందా, మందే ఆపిందా అన్నది ఎప్పటికీ తేలదు.

మూడు వారాల దాకా చేలో గుంటక పెట్టొద్దు, అనవసరంగా తొక్కొద్దు. ఒత్తుగా మొలిచిన చోట మొక్కలు పీకి పలుచన చేయడం రెండో వారంలో చేసుకోవచ్చు. ఎర్ర నేలల్లో కొట్టిన వెంటనే పెద్ద వాన పడితే కొంత మందు గింజ దాకా దిగుతుంది. అప్పుడు మొక్కలు కొన్నాళ్లు గిడసబారినట్టు, పక్క వేర్లు పొట్టిగా కనిపిస్తాయి. సిఫారసు మోతాదే కొట్టి ఉంటే చాలా వరకు తేరుకుంటాయి, కంగారుపడి ఎరువులు కుమ్మరించొద్దు.

ఇరవై, ఇరవై ఐదు రోజులకు మొదటిసారి గుంటక గానీ దంతె గానీ తోలాలి. నెల దాటాక రెండోసారి తోలి, మొక్క మొదలుకు మట్టి ఎగదోయాలి. పువ్వు బరువుకు మొక్క పడిపోకుండా ఈ మట్టే ఆపుతుంది, సాల్లో మొలిచే చిన్న గడ్డినీ కప్పేస్తుంది. మొక్క నడుము దాటి ఎదిగాక గుంటక పెడితే వేర్లు తెగుతాయి, ఆ లోపే ముగించాలి. రెండు తోలకాల మధ్య ఒకసారి చేత్తో సాళ్లు చూస్తే వయ్యారిభామ, వెన్నవెదురు, తుంగ మాత్రమే చేతికి వస్తాయి. మందు బాగా పనిచేసిన చేలో ఈ పని తేలిక.

ఊద, గణుక గడ్డి, వడ్ల మొలకలు తప్పించుకొని వచ్చి, కూలీలు దొరక్కపోతే అప్పుడు మొలిచాక కొట్టే మందు ఉంది. క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం ఎకరాకు 400 మిల్లీలీటర్లు, లేదా ప్రొపాక్విజాఫాప్ 10 శాతం 250 మిల్లీలీటర్లు. గడ్డి రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉండాలి, నేలలో తేమ ఉండాలి. వెడల్పాకు కలుపు దీనికి చావదు, తుంగా చావదు.

గట్లు

చేను శుభ్రంగా పెట్టి గట్ల మీద వయ్యారిభామను వదిలేస్తే పని సగమే అయినట్టు. పొద్దుతిరుగుడుకు వచ్చే నెక్రోసిస్ తెగులు ఒక వైరస్ వల్ల వస్తుంది, పొగాకు స్ట్రీక్ వైరస్ అంటారు. మన దేశంలో పొద్దుతిరుగుడు మీద దీన్ని 1997లో కర్ణాటకలో మొదట గుర్తించారు. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను ఎండబెట్టిందీ ఇదే వైరస్. వయ్యారిభామకు ఈ వైరస్ సోకినా పైకి ఏ లక్షణమూ కనిపించదు, పచ్చగానే ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి మన పైరు ఆకుల మీద గీకుతూ లోపలికి ఎక్కిస్తాయి. తెగులు వచ్చిన మొక్కకు మందు లేదు. అందుకే విత్తడానికి ముందే, గట్ల మీద వయ్యారిభామ పూత రాకముందే వేళ్లతో పీకి వేయాలి, చేతులకు గ్లౌజులు వేసుకొని. పొద్దుతిరుగుడు చుట్టూ జొన్న మూడు నాలుగు సాళ్లు విత్తితే తామర పురుగులకు అడ్డుగా కూడా ఉంటుంది. ఆ అంచు జొన్న సాళ్ల మీద మాత్రం పెండిమిథాలిన్ పడనివ్వొద్దు, జొన్న దీనికి తట్టుకోదు.

అంతర పంటల మాట కూడా ఇక్కడే. కంది, వేరుశనగ పొద్దుతిరుగుడుతో కలిపి వేసేవాళ్లకు పెండిమిథాలిన్‌తో ఇబ్బంది లేదు, మూడూ తట్టుకుంటాయి. జొన్న, సజ్జ కలిపితే ఈ మందు వాడకూడదు.

మొలక సరిగా రాక, లేదా అకాల వానకు చేను పోయి మళ్లీ విత్తాల్సి వస్తే పొద్దుతిరుగుడే గానీ, వేరుశనగ, కంది గానీ వేసుకోండి. జొన్న, సజ్జ ఆ కారుకు వద్దు, మందు నేలలో మూడు నాలుగు నెలలు ఉంటుంది. మళ్లీ విత్తేటప్పుడు చేను తిరగ దున్నకుండా, పాత సాలు పక్కనే గొర్రుతో వేయండి. పాత పొర చాలా వరకు అట్లాగే ఉంటుంది కాబట్టి రెండోసారి మందు కొట్టకండి.